రక్తం పట్టడం లేదా? మూత్రపిండాలను అనుమానించండి

కిందటి వేసవిలో ధర్మవరం నుంచి ఒక నేతపనివారి కుటుంబం నా దగ్గరకు వచ్చింది. తండ్రికి అరవై దాటాయి. కొడుకు మగ్గం మీద కూర్చుంటూనే ఇంటర్ దాకా చదువుకున్నవాడు. పెద్దాయన నాలుగు మెట్లెక్కి వచ్చేసరికే ఆయాసపడుతూ బల్ల మీద కూలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. కింది రెప్ప లాగి చూస్తే ఎరుపన్నదే లేదు. ఏడాదిగా రక్తం పట్టే టానిక్కులు సీసాల కొద్దీ తాగించారట. సూదిమందులు వేయించారట. ఖర్జూరాలు, బెల్లం, వేరుసెనగ చిక్కీ, ఎవరేం చెబితే అది పెట్టారట. హిమోగ్లోబిన్ మాత్రం 7 దాటలేదు.

కొడుకు జేబులోంచి ఒక కాగితం తీశాడు. దాని మీద సెల్‌ఫోనులో చూసి రాసుకున్న పేరొకటి ఉంది.

"సార్, ఒంట్లో ఆక్సిజన్ తక్కువైతే హెచ్.ఐ.ఎఫ్. అని ఒకటి పుడతాదంట. దాన్ని పట్టే యాంటీబాడీ పరీక్ష ఉందంట. అది యాడ చేస్తారో చెప్పండి, బెంగుళూరైనా పోతాం. ఒక మగ్గం అమ్మేకి కూడా సిద్ధంగా ఉండాం" అన్నాడు.

"మగ్గం అమ్మొద్దు నాయనా. ఆ పరీక్ష రోగుల కోసం పెట్టింది కాదు" అన్నాను.

అతను నమ్మలేదు. గవర్నమెంటు డాక్టరు కాబట్టి ఇంకో డాక్టరు దగ్గరకు పంపించడం ఇష్టంలేక అలా అంటున్నాడని అనుకుని ఉంటాడు. అతనికి కూర్చోబెట్టి చెప్పిన సంగతులే మీకూ చెబుతాను. ఈ మధ్య ఇలాంటి కాగితాలు జేబులో పెట్టుకుని వచ్చేవారు ఎక్కువయ్యారు. వారిని తప్పు పట్టను. అతను రాసుకొచ్చిన పేరు కూడా పనికిరానిదేమీ కాదు. తండ్రి జబ్బుకూ దానికీ నిజంగానే సంబంధం ఉంది. పరీక్ష మాత్రం అది కాదు.

మన జిల్లాలో కుళాయి నీళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపున పడే వాన, అదీ పడితే! ఒక ఊళ్ళో నీటి పనులు చూసే గుమాస్తా ఒకడున్నాడనుకోండి. వాడు అయిదేసి నిమిషాలకు ఒకసారి "నీళ్ళు తక్కువగా ఉన్నాయి, బోర్లు వేయండి, ట్యాంకర్లు పిలవండి" అని చీటీ రాస్తూనే ఉంటాడు. పక్కన ఇంకొకడు కుళాయి వంక చూస్తూ, నీళ్ళు వస్తున్నంతసేపూ ఆ చీటీలను చింపేస్తూ ఉంటాడు. కుళాయి ఆగిపోయిందంటే చింపేవాడి చెయ్యి ఆగిపోతుంది. చీటీ గోడ మీదికెక్కుతుంది. ఊరంతా కదులుతుంది.

మన శరీరంలోని ప్రతి కణంలోనూ జరిగేది ఇదే. ఆ చీటీ ఒక మాంసకృత్తి. పేరు హెచ్.ఐ.ఎఫ్.-1 ఆల్ఫా. ప్రాణవాయువు పుష్కలంగా ఉన్నప్పుడు కణం దీన్ని తయారుచేస్తూనే చింపేస్తుంది. అయిదు నిమిషాల్లో సగం మిగలదు. ప్రాణవాయువు తగ్గినప్పుడు మాత్రం ఇది నిలబడి, కణకేంద్రంలోకి పోయి, జన్యువులను తట్టి లేపుతుంది. కొత్త రక్తనాళాలు పుట్టించమంటుంది, చక్కెరను వేరే దారిలో కాల్చుకోమంటుంది. దీనికి తమ్ముడివరస హెచ్.ఐ.ఎఫ్.-2 ఒకటుంది. అది మూత్రపిండాలతో "ఎరిత్రోపోయిటిన్ తయారుచేయండి" అంటుంది. ఎముకల మూలుగకు ఎర్రకణాలు పుట్టించమని హుకుం ఇచ్చే హార్మోను అది. పెద్దవాళ్ళలో ఇందులో చాలా భాగం మూత్రపిండాలే తయారుచేస్తాయి. ఈ ఒక్కమాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

అమెరికాలో గ్రెగ్ సెమెంజా బృందం ఈ మాంసకృత్తిని శుద్ధిచేసి ప్రకటించింది 1995లో. అప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. మాకెవరికీ ఆ పేరు తెలియదు. ఆయనకూ, విలియం కేలిన్‌కూ, ఇంగ్లండుకు చెందిన పీటర్ రాట్‌క్లిఫ్‌కూ కలిపి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. చీటీ చింపేవాడెవరో, ఎలా చింపుతాడో బయటపెట్టినందుకు.

మరి అయిదు నిమిషాలు కూడా నిలవని చీటీని పట్టుకోవడమెలా? అక్కడికే యాంటీబాడీ వస్తుంది.

యాంటీబాడీ అంటే భయపడకండి. మీ రక్తం గ్రూపు చూసినప్పుడు లాబొరేటరీలో నీలం రంగు సీసాలోంచి ఒక చుక్క, పసుపు రంగు సీసాలోంచి ఒక చుక్క వేయడం చూసే ఉంటారు. ఆ చుక్కల్లో ఉన్నవి యాంటీబాడీలే. ఒకటి ఎ గుర్తును పట్టుకుంటుంది, ఇంకొకటి బి గుర్తును. కోడలికి నెల తప్పిందో లేదో ఇంట్లోనే చూసుకునే పట్టీ మీద గీత పడేది కూడా యాంటీబాడీ వల్లనే. తాళానికి తాళపుచెవిలా ఒక్కొక్క యాంటీబాడీ ఒక్కొక్క వస్తువును పట్టుకుంటుంది. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అనే ఇద్దరు, ఎలుకలోని యాంటీబాడీ చేసే కణాన్నీ, చావెరుగని క్యాన్సరు కణాన్నీ కలిపి ఒకటిగా చేశారు. అప్పటి నుంచి ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసుకోవడం సాధ్యమయింది. హెచ్.ఐ.ఎఫ్.ను పట్టే యాంటీబాడీలు కూడా ఇలా ఎలుకల నుంచో కుందేళ్ళ నుంచో తయారుచేసి సీసాల్లో అమ్ముతారు. సీసా మీద "పరిశోధనకు మాత్రమే" అని అచ్చువేసి ఉంటుంది. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు.

ఎందుకలా రాస్తారంటే, ఈ చీటీని పట్టడంలో తిప్పలన్నీ ఇన్నీ కావు. కణాలను బయటకు తీసి గాలి తగిలేలోగా చింపేవాడు మళ్ళీ పనిలోకి దిగుతాడు. నమూనా తీయడంలో నాలుగు నిమిషాలు ఆలస్యమైతే, ఉన్నది లేదని వస్తుంది. ఇక రెండో చిక్కు, తాళపుచెవులన్నీ ఒక్క తాళానికే పట్టవు. కొన్ని యాంటీబాడీలు అన్నకూ తమ్ముడికీ తేడా తెలుసుకోలేవు. కొన్ని ఏ సంబంధమూ లేని మాంసకృత్తిని పట్టుకుని ఇదే అదని చూపిస్తాయి. మాంసకృత్తులను జిగురుపలక మీద బరువుల వారీగా పరుగెత్తించి చూసే వెస్టర్న్ బ్లాట్ అనే పద్ధతిలో, లెక్కప్రకారం 93 వేల డాల్టన్ల దగ్గర ఉండవలసిన ఈ మాంసకృత్తి దాదాపు 120 వేల దగ్గర నిలుస్తుంది. ఈ సంగతి తెలియనివాడు వేరే గీతను చూసి మురిసిపోతాడు. అందుకే పద్ధతిగా పనిచేసే శాస్త్రజ్ఞులు ఆ జన్యువును తీసేసిన కణాల మీద కూడా అదే యాంటీబాడీ వేసి, అక్కడ గీత రాకుండా ఉంటేనే సీసాను నమ్ముతారు. దానికి ఎదురుగా, గీత తప్పక రావలసిన నమూనా కోసం కణాలకు కోబాల్టు లవణం వేస్తారు. చింపేవాడి చేతికి ప్రాణవాయువుతోపాటు ఇనుము కూడా కావాలి. ఆ పనిని కోబాల్టు చెడగొడుతుంది. ప్రాణవాయువు ఉన్నా చీటీ నిలబడిపోతుంది.

కోబాల్టు పేరు వింటే పాతకాలం డాక్టర్లకు వేరే జ్ఞాపకం వస్తుంది. 1950ల నుంచి 1970ల దాకా మూత్రపిండాల రోగుల రక్తహీనతకు కోబాల్టు మందుగా ఇచ్చేవారు. రక్తం పట్టేది కూడా. ఎందుకు పడుతోందో మాత్రం ఎవరికీ తెలియదు. గుండెకూ థైరాయిడుకూ చేసే చెరుపు బయటపడ్డాక మానేశారు. ఇప్పుడు లాబొరేటరీ బల్ల మీద అదే కోబాల్టు మనకు జవాబు చెబుతోంది.

ఈ యాంటీబాడీల వల్ల తెలిసిన వాటిలో మన ఇళ్ళకు దగ్గరి సంగతి ఒకటుంది, గురక. షికాగో విశ్వవిద్యాలయంలో నండూరి ప్రభాకర్ అనే శాస్త్రజ్ఞుడున్నారు. ఇంటిపేరు వింటేనే మన తెలుగువాళ్ళకు చప్పున తెలిసిపోతుంది. మెడలో రక్తనాళం చీలేచోట ప్రాణవాయువును కనిపెట్టి చూసే ఒక చిన్న ముడి ఉంటుంది. ఆయన ఏళ్ళ తరబడి దాన్నే చదివారు. నిద్రలో ఊపిరి ఆగి, మళ్ళీ అందుకునే గురక జబ్బులో ప్రాణవాయువు విడతలు విడతలుగా తగ్గుతుంది. ఎలుకలను అలాంటి గాలిలో ఉంచితే వాటి రక్తపోటు పెరిగింది. హెచ్.ఐ.ఎఫ్.-1 సగమే ఉన్న ఎలుకల్లో పెరగలేదు. సెమెంజా బృందంతో కలిసి ఆయన ఈ సంగతి 2006లో చూపించారు. కాబట్టి ఆయన గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆపేస్తున్నారని ఇల్లాలు చెబితే నవ్వి ఊరుకోకండి. బి.పి. చూపించుకోండి.

"మనది పీఠభూమి కదా సార్, ఇక్కడి గాలిలోనే ప్రాణవాయువు తక్కువేమో?" అని ఒక ఉపాధ్యాయుడు నన్నడిగారు. లేదు. అనంతపురం ఎత్తు సముద్రమట్టానికి 350 మీటర్ల దరిదాపులోనే. ఆ తేడా ఒంటికి తెలియదు. లడఖ్‌లోని లేహ్ వంటి మూడున్నర వేల మీటర్ల చోటికి వెళ్ళినప్పుడు తెలుస్తుంది. ఇక్కడ మనకు తక్కువయింది గాలి కాదు, నీళ్ళు.

ఇక ధర్మవరం పెద్దాయన సంగతి. గుంటమగ్గంలో ముప్ఫై అయిదేళ్ళు కూర్చున్న నడుము. నొప్పికి రోజుకో బిళ్ళ, పని ఎక్కువున్న నెలల్లో రెండు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి. పది పన్నెండేళ్ళుగా ఇదే అలవాటు. నీళ్ళు తాగితే మాటిమాటికీ లేవాలి, పట్టుపోగు తెగుతుంది అని తక్కువ తాగేవాడు. మూత్రంలో నురగ వస్తోందని ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నేను రాసిన రెండు మామూలు పరీక్షల ఫలితాలు ఆ సాయంత్రానికే వచ్చాయి. మూత్రంలో ఆల్బుమిన్ నిండుగా పోతోంది. రక్తంలో క్రియాటినిన్ 5 దాటింది. మూత్రపిండాలు చాలావరకు పోయాయి. ఎరిత్రోపోయిటిన్ చేసేచోటే పాడైతే, టానిక్కు సీసాలో ఎంత ఇనుముంటేనేం? మూలుగకు హుకుం ఇచ్చేవాడే లేడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కొడుకు తెచ్చిన పాతకాగితాల కట్టలో రెండున్నరేళ్ళ కిందటి ఔట్‌పేషెంటు చీటీ ఒకటి కనిపించింది. "రక్తహీనత, ఇనుము మాత్రలు, మూడు నెలలు" అని ఉంది. కింద సంతకం నాది. ఆ రోజు ఎంతమంది రోగులున్నారో ఇప్పుడు గుర్తులేదు, వంద దాటే ఉంటారు. అది సాకు కాదు. గిన్నెడు మూత్రం కాచి చూసినా ఆ రోజే తెలిసేది.

కొడుక్కు ఆ చీటీ చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "అప్పుడే తెలిసుంటే?" అన్నాడు. నొప్పిబిళ్ళలు ఆపించి, బి.పి. అదుపులో పెట్టి, మరికొన్నేళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళమని ఉన్నమాట చెప్పాను.

ఎరిత్రోపోయిటిన్ సూదిమందు 1989లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. దాని వెనక కథ వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1977లో గోల్డ్‌వాసర్, మియాకే బృందం తీవ్రమైన రక్తహీనత ఉన్న రోగుల మూత్రం 2,550 లీటర్లు సేకరించి, అందులోంచి ఈ హార్మోనును వేరుచేసింది. తీరాచూస్తే దొరికింది కొన్ని మిల్లీగ్రాములు. 2022లో మన దేశంలో డెసిడుస్టాట్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. ఇది చీటీ చింపేవాడి చెయ్యి పట్టుకుంటుంది. అప్పుడు ఉన్న కాస్త మూత్రపిండమూ ఎరిత్రోపోయిటిన్ చేస్తుంది. కోబాల్టు చేసిన పనే, కాస్త మర్యాదగా. అలాగని షాపులో అడిగి కొనేయకండి. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నవారు, క్యాన్సరు ఉన్నవారు దీని జోలికి ఊరికే పోకూడదు. కొన్ని క్యాన్సరు గడ్డలు బతికేదే ఈ హెచ్.ఐ.ఎఫ్. మీద.

క్యాన్సరు మాట వచ్చింది కనుక ఇంకొకటి. రొమ్ముగడ్డ ముక్క తీసి పరీక్షకు పంపినప్పుడు ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అనే యాంటీబాడీ పరీక్షలు రాస్తారు. అవి తప్పకుండా చేయించాలి. ఏ మందు వాడాలన్నది వాటిని బట్టే ఉంటుంది. యాంటీబాడీ పరీక్షలన్నీ అనవసరమని నేను చెప్పానని అనుకోవద్దు.

మగవారికి హిమోగ్లోబిన్ 13 కంటే, ఆడవారికి 12 కంటే, గర్భిణులకు 11 కంటే తక్కువుంటే రక్తహీనతే. మన ఆడపిల్లల్లో ఎక్కువమందికి కారణం ఇనుము లోపమే, వాళ్ళకు ఇనుము మాత్రలు బాగా పనిచేస్తాయి. కాని రెండు మూడు నెలలు సరిగా వాడినా పెరగకపోతే, మందు మార్చమని అడగకండి, కారణం వెతకమని అడగండి. చక్కెర వ్యాధి, బి.పి. ఉన్నవారు, కీళ్ళనొప్పులకు రోజూ బిళ్ళలు వేసుకునేవారు, పొద్దున్నే కళ్ళకింద వాపు వచ్చేవారు ఏడాదికొకసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో ఇవి ఉచితం. బయటైనా మగ్గం అమ్మవలసినంత ఖర్చు కాదు. ఎండలో పనిచేసేవారు దప్పిక కాకముందే నీళ్ళు తాగండి. మూత్రపిండాలు చెడినట్టు ముందే తేలినవారు మాత్రం ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరునే అడగండి. వారికి అందరి లెక్కా పనికిరాదు.

పెద్దాయనకు నరంలోకి ఇనుము ఎక్కించాం. వారానికొక ఎరిత్రోపోయిటిన్ సూది వేస్తున్నాం. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ 9.8కి వచ్చింది. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాడు. క్రియాటినిన్ తగ్గలేదు, తగ్గదు. డయాలసిస్ రోజు వస్తుందని ఇద్దరికీ చెప్పి ఉంచాను. పేదవారికి దాన్ని ఉచితంగా చేసే జాతీయ కార్యక్రమం 2016 నుంచి ఉంది కనుక ఆ కాగితాలు ఇప్పటినుంచే సిద్ధం చేసుకుంటున్నారు. మగ్గం మీద కూర్చోవచ్చా అని అడిగితే పూటకు రెండు గంటలు కూర్చోమన్నాను.

మీరు డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు పాత చీటీలన్నీ వెంట తీసుకెళ్ళండి. వాడుతున్న నొప్పిబిళ్ళల పట్టీ కూడా.