ఊపిరితిత్తులలో రక్తపు గడ్డ: ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన తరువాత

కాలి లోపలి సిరలలో గడ్డకట్టిన రక్తం తెగి, గుండె మీదుగా ప్రయాణించి ఊపిరితిత్తుల ధమనిలో అడ్డుపడడాన్ని వైద్యులు పల్మనరీ ఎంబాలిజం అంటారు. కాలు విరిగి పట్టీతో మంచాన పడినవారికి, పెద్ద శస్త్రచికిత్స జరిగినవారికి, బాలింతలకు, క్యాన్సర్ రోగులకు ఈ ముప్పు ఎక్కువ. ఆసుపత్రిలో ప్రాణాపాయం తప్పినంత మాత్రాన చికిత్స ముగిసినట్లు కాదు. ఇంటి వద్ద గడిచే నెలలలోనే పొరపాట్లకు తావు ఎక్కువ.

‘రక్తం పలుచబడే మాత్రలు’ అని వాడుకలో ఉన్న పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఆ మందులు గడ్డను కరిగించవు. కొత్త గడ్డలు ఏర్పడకుండా, ఉన్నది పెరగకుండా అడ్డుకుంటాయి. గడ్డను మెల్లగా కరిగించుకొనేది శరీరమే. అందుకు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. కనుక ఆయాసం తగ్గిందని పదిహేను రోజులకే మాత్రలు మానడం ప్రమాదకరం. సాధారణంగా కనీసం 3 నెలలు వాడాలి. గడ్డకు కారణం తేలనివారు, క్యాన్సర్ ఉన్నవారు ఇంకా ఎక్కువ కాలం వాడవలసి రావచ్చు.

వార్ఫరిన్, అసినోకుమరాల్ వాడేవారికి ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష తప్పనిసరి. ఆ అంకె సాధారణంగా 2కు, 3కు మధ్య ఉండాలి. తగ్గితే మళ్ళీ గడ్డ కట్టే భయం, పెరిగితే రక్తస్రావ భయం. ఆకుకూరలు మానవలసిన పనిలేదు. అయితే ఒక వారం ముట్టకుండా, మరుసటి వారం రోజూ తోటకూర, పాలకూర తింటే అంకె తారుమారవుతుంది. పండుగకు సొంత ఊరు వెళ్ళి నెలరోజులు ఉండేవారు, అక్కడ ఈ పరీక్ష ఎక్కడ చేస్తారో బయలుదేరకముందే విచారించుకొని, పాత ఫలితాల పుస్తకాన్ని వెంట ఉంచుకోవాలి. రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మాత్రలకు ఈ పరీక్ష అక్కరలేదు. మూత్రపిండాలు, కాలేయం పనితీరును మాత్రం అప్పుడప్పుడు చూపించుకోవాలి. వీటి ప్రభావం ఒక్క రోజులోనే తగ్గిపోతుంది కాబట్టి పూట తప్పరాదు.

ఒళ్ళునొప్పులకు తుంటికి సూది వేయించుకొనే అలవాటు మనవారిలో ఉంది. ఈ మందులు వాడుతున్న కాలంలో ఆ సూది వల్ల కండరంలో రక్తం చేరవచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలూ రక్తస్రావాన్ని పెంచుతాయి. పన్ను తీయించుకొనే ముందు కూడా మందు పేరు వైద్యునికి చెప్పాలి.

3 నుండి 6 నెలల మధ్య మరొకసారి వైద్యుని కలవడం అవసరం. అందరికీ మళ్ళీ సీటీ స్కాన్ అక్కరలేదు. అసలు ప్రశ్న, మునుపటివలె మెట్లు ఎక్కగలుగుతున్నారా అన్నది. ఆయాసం తగ్గనివారు వయసునో, నగరపు పొగనో నిందించి ఊరుకోరాదు. కొద్దిమందిలో గడ్డ మచ్చకట్టి ఊపిరితిత్తుల ధమనిలో రక్తపోటును పెంచుతుంది. గుండె ఎకో, వెంటిలేషన్–పర్ఫ్యూజన్ స్కాన్ ద్వారా దానిని గుర్తించవచ్చు. చాలామందికి శస్త్రచికిత్సతో బాగు చేయవచ్చు కూడా.

అకస్మాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, దగ్గులో రక్తం, నల్లని మలం, తలకు దెబ్బ, ఆగని రక్తస్రావం: వీటిలో ఏది కనిపించినా ఉదయం దాకా వేచి ఉండక 108కి ఫోన్ చేయాలి. వాడుతున్న మాత్రల అట్టను వెంట తీసుకువెళ్ళాలి. భాష రాకపోయినా దానిని చూసి వైద్యులు విషయం గ్రహిస్తారు.