ఆలస్యంగా చదివేవారికి ఒక బర్నబా



అమెరికాలోని బఫెలో నగరంలో మిల్టన్ రొగోవిన్ అనే కళ్లద్దాల వైద్యుడు ఉండేవాడు. యూదు కుటుంబంలో పుట్టినవాడు. 1957లో కమ్యూనిస్టు అనే అనుమానంతో అక్కడి ప్రతినిధుల సభ కమిటీ ఆయనను విచారణకు పిలిచింది. తరువాత ఆయన దగ్గరకు వచ్చే రోగులు బాగా తగ్గిపోయారు. 1958లో ఆయన కెమెరా పట్టుకొని, దుకాణాల గదుల్లో కూడుకొనే నల్లజాతి విశ్వాసుల చిన్న సంఘాలకు వెళ్లి వారి ఆరాధనను ఫోటోలు తీశాడు. పేదల ఫోటోలు తీసేటప్పుడు ఎలా నిలబడాలో ఆయన చెప్పేవాడు కాదు, వారికే విడిచిపెట్టేవాడు. తీసిన ఫోటో వారికి ఇచ్చేవాడు. 1972లో, అరవై దాటిన వయసులో, బఫెలో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తిచేసి, అక్కడే ఫోటోగ్రఫీ బోధించాడు.

ఇలా ఆలస్యంగా చదివేవారిని అమెరికాలో నాన్‌ట్రెడిషనల్ విద్యార్థులు అంటారు. బడి ముగిశాక వెంటనే కాలేజీలో చేరలేనివారు, ఉద్యోగం చేస్తూ చదివేవారు, ఒంటరిగా పిల్లల్ని పెంచుతూ చదివేవారు ఈ కోవకు చెందుతారు.

మన సంఘాల్లోనూ వీరున్నారు. చిన్నప్పుడే పెళ్లయి బడి మానేసిన అక్కలు, ఇంటి భారం మోసి పదో తరగతి వదిలేసిన అన్నలు. వారికి దారి లేదనుకోవద్దు. దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ప్రారంభమైంది. నేడు అది అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయడానికి గరిష్ఠ వయసు లేదు. అయినా చాలామంది వెనకాడేది సిగ్గు వల్ల. “ఈ వయసులో చదువేంటి?” అనే మాట వారు బయటే కాదు, మన మధ్య కూడా వింటున్నారు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యెరూషలేము శిష్యులు సౌలును నమ్మక భయపడ్డారు. బర్నబా అతనిని అపొస్తలుల యొద్దకు తోడుకొని వెళ్లి, అతని పక్షంగా మాట్లాడాడు. తరువాత తార్సుకు వెళ్లి, వెదకి, అంతియొకయకు తీసుకొచ్చాడు. తోడు వెళ్లడం, పక్షంగా మాట్లాడడం, మళ్లీ వెదకి వెళ్లడం: చదువు మానేసినవారికి కావలసినవి ఈ మూడే.

కాబట్టి సంఘ పెద్దలకు మా మనవి. దరఖాస్తు రోజున ఒకరు వారితో స్టడీ సెంటరుకు వెళ్లండి. సాయంత్రాలు మందిరంలో ఒక గది, ఒక దీపం వారికివ్వండి. పరీక్ష రోజున వారి పిల్లల్ని చూసుకోండి. సెలవు కోసం యజమానితో మాట్లాడండి. తరగతి ఆదివారమే పడితే, ఆరాధనకు రాలేదని గద్దించకండి. వారిని అడగకుండా వేదిక మీద వారి చదువు సంగతి ప్రకటించవద్దు. ఎప్పుడు, ఎలా చెప్పాలో వారే నిర్ణయించుకోనివ్వండి. ఒక సబ్జెక్టు తప్పితే మళ్లీ వారి ఇంటికి వెళ్లండి.

ఈ వారం మీ సంఘంలో అలాంటి ఒక్కరిని వెదకండి. ప్రభువు మీకు తోడైయుండును గాక.