నలుపు తెలుపుల నడుమ ఒక్క రంగు

పరిసరమంతయు నలుపు తెలుపులుగా నుండి, నడుమ ఒక్క వస్తువు మాత్రము తన సహజవర్ణముతో మెఱయు ఛాయాచిత్రములను మన విద్యార్థులు తఱచుగా చూచుచునే యున్నారు. పెండ్లి చిత్రములలో వధువు చీర మాత్రము ఎఱ్ఱగా నుండును. అంగడి ప్రకటనలో మామిడిపండు మాత్రము పసుపుపచ్చగా నుండును. చూచినవారు "ఆ చీరకు రంగు వేసినారు" అందురు. వాస్తవమునకు ఆ చీరను ఎవరును ముట్టలేదు. చీర తప్ప తక్కిన సమస్తమునుండియు రంగు తీసివేసినారు. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, దీనిని గుర్తించినచో ఆ పని యెట్లు జరుగునో తెలియును. అది యెచ్చట తగునో, ఎచ్చట తగదో కూడ చాలవఱకు తెలియును.

మొదట రంగు తీసివేయుట యనగా నేమో చూతము. కంప్యూటరునకు గాని, చేతిఫోనునకు గాని, చిత్రమనగా పిక్సెళ్లు అనబడు చిన్న చుక్కల వరుసలు. ఒక్కొక్క చుక్కకు మూడు అంకెలుండును: ఎఱుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలము ఎంత అని. సాధారణముగా ఒక్కొక్క అంకె 0 మొదలు 255 వఱకు ఉండును. మూడును 0 అయినచో ఆ చుక్క నలుపు. మూడును 255 అయినచో తెలుపు. మూడును సమానమై నడుమ నెక్కడనైన నున్నచో బూడిదరంగు. కావున రంగు తీసివేయుట యనగా మూడు వేర్వేఱు అంకెలకు బదులు ఒకే అంకెను మూడుచోట్ల వ్రాయుట.

ఆ ఒక్క అంకెను ఎట్లు కనుగొందురు? మూడింటిని కూడి 3 చేత భాగించిన చాలునని ఆఱవ తరగతి బాలుడైనను చెప్పగలడు. అట్లును చేయవచ్చును. కాని మన కంటికి మూడు వెలుగులును సమానముగా తోచవు. ఆకుపచ్చ మిక్కిలి కాంతివంతముగను, ఎఱుపు అంతకంటె మందముగను, నీలము అన్నిటికంటె మందముగను కనబడును. అందుచేత విరివిగా వాడబడుచున్న ఒక లెక్కలో ఎఱుపును 0.299 చేతను, ఆకుపచ్చను 0.587 చేతను, నీలమును 0.114 చేతను గుణించి, వచ్చిన ఫలములను కూడుదురు. ఈ మూడు దశాంశముల మొత్తము సరిగా 1 అగును.

ఇప్పుడొక లెక్క చేయుడు. బడితోటలో ఆకుల నడుమ నున్న ఎఱ్ఱమందారమును ఫోటో తీసితి మనుకొందము. లెక్క సులభమగుటకై పువ్వులోని చుక్కకు ఎఱుపు 255, తక్కినవి 0 అనియు, ఆకులోని చుక్కకు ఆకుపచ్చ 130, తక్కినవి 0 అనియు తీసికొందము. పువ్వునకు వచ్చునది 76. ఆకునకు వచ్చునదియు 76! కంటికి అంత స్పష్టముగా వేఱైన పువ్వును ఆకును నలుపు తెలుపు చిత్రములో ఒకే బూడిదరంగై కలిసిపోయినవి. దశాంశ గుణకారము నేర్చుచున్న పిల్లలు దీనిని పలకమీద సరిచూచుకొనవచ్చును. ఆకులను బూడిదరంగు చేసి పువ్వునకు మాత్రము రంగు నిలుపుటలో గల ప్రయోజనము ఈ లెక్కయందే యున్నది: వెలుగునీడలు వేఱుచేయజాలని దానిని రంగు వేఱుచేయును.

ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. 1925లో సెర్గేయ్ ఐజెన్‌స్టీన్ అను రష్యా దర్శకుడు "యుద్ధనౌక పొటెంకిన్" అను మూగచిత్రమును తీసెను. ఓడమీద ఎఱ్ఱజెండా ఎగురవలెను. ఆనాటి ఫిల్ము ఎఱ్ఱని వెలుగును గ్రహింపజాలదు. ఎఱ్ఱజెండాను తీసినచో అది నల్లజెండాగా పడును. కావున తెల్లజెండాను ఎగురవేసి చిత్రము తీసి, పిదప ఫిల్ముమీద ఆ జెండా ఉన్న చిన్నచిన్న గళ్లలో చేతితో ఎఱ్ఱరంగు అద్దిరి. చిత్రమంతయు నలుపు తెలుపులు. జెండా మాత్రము ఎఱుపు. ఇచ్చట మాత్రము నిజముగనే రంగు వేయబడినది. మన పెద్దల యిండ్లలో గోడకు వ్రేలాడు కొన్ని పాత ఫోటోలలో చెక్కిళ్లకు గులాబిరంగును, నగలకు పసుపును అద్దిన స్టూడియోవారి పనియు ఇట్టిదే. ఆ రంగు అద్దినవాని ఊహ. 1957 నాటి మన "మాయాబజార్" చిత్రమునకు రంగులు కూర్చి 2010లో మరల విడుదల చేసినారు. అదియు ఊహయు పరిశ్రమయు కలిసిన పనియే. మేము చెప్పబోవు పద్ధతిలో ఊహ లేదు. కెమెరా పట్టిన రంగే నిలుచును. అందుచేత మొదటి ఫోటో రంగులలోనే తీసియుండవలెను.

ఇక చేయు విధానము. జింప్ అను ఉచితమైన ప్రోగ్రాము పాఠశాల కంప్యూటరులో సులభముగా పనిచేయును. మన పిల్లలు ఇంట తెలుగును, వీథిలో కన్నడమునో తమిళమునో ఒడియానో మాటాడి, తెరమీద ఇంగ్లీషును చదువువారు గనుక, తెరమీది పేరును చెప్పి దాని పనిని తెలుగున చెప్పెదము. చిత్రమును తెఱచి, "డూప్లికేట్ లేయర్" అను దానిని నొక్కినచో అదే చిత్రము మఱియొక పొరగా పైన చేరును. ఒకే ఫోటోను రెండు కాగితములపై అచ్చువేసి ఒకదానిపై నొకటి పెట్టినట్లు భావింపుడు. పైపొరకు "డీశాచురేట్" చేసినచో అది నలుపు తెలుపగును. క్రిందిది రంగులతోనే యుండును. ఇప్పుడు పైకాగితములో పువ్వు ఆకారమున రంధ్రము చేసినచో క్రింది పువ్వు కనబడును గదా!

కత్తెరకు బదులు ఇచ్చట ముసుగు ఉన్నది. తెరమీద దాని పేరు "లేయర్ మాస్క్." తెల్లని ముసుగును పైపొరకు తొడిగి, నల్లరంగు కుంచెతో పువ్వుమీద పూయవలెను. ముసుగు నల్లనైనచోట పైపొర మాయమై క్రింది రంగు వెలువడును. పొరపాటున ఆకుమీద పూసినచో తెల్లరంగుతో మరల పూసిన చాలును. ఆకు తిరిగి బూడిదరంగగును. కత్తెరతో కోసిన కాగితము అతుకదు. ముసుగు ఎన్నిమార్లైనను దిద్దుకొనవచ్చును. నలుపునకు తెలుపునకు నడుమ నున్న రంగుతో పూసినచో సగము రంగే కనబడును. ఈ సగము రంగు అంచులయందు మిక్కిలి ఉపయోగకరము.

అంచులే ఈ పనిలో ఓర్పును పరీక్షించు తావులు. పెద్దకుంచెతో నడుమ భాగమును నిమిషములో ముగింపవచ్చును; కాని వెండ్రుకలు, పూరేకుల కొసలు, చీర కుచ్చిళ్లు వచ్చినప్పుడు చిత్రమును నాలుగింతలు పెద్దదిగా చేసికొని, మెత్తని అంచుగల చిన్నకుంచెతో మెల్లగా సాగవలెను. జేపెగ్ అను పొదుపు పద్ధతిలో వెలుగునీడలకంటె రంగును తక్కువ వివరముతో దాచుట వాడుక. కావున ఎఱుపు తన హద్దు దాటి ఒకటి రెండు చుక్కల మేర ఆకుమీదికి చిందియుండును. అంచునకు కొంచెము లోపలనే ఆగినచో ఆ చిందు కనబడదు.

కొందఱు కుంచె పట్టక, ఎఱ్ఱనివన్నియు ఒక్కసారిగా ఏఱుకొను ఉపకరణమును వాడుదురు. త్వరగా ముగియును గాని, చీరతోపాటు ప్రక్కవారి కుంకుమబొట్టును, వెనుక గోడమీది ప్రకటనయు కూడ రంగుతో మిగులును. కొన్ని ఫోనులలో మీట నొక్కినంతనే మనుష్యుని గుర్తించి రంగు నిలుపు సదుపాయమును కలదు. అది చెవిని మఱచుటయు, భుజముమీది చేయి ఎవరిదో తెలియక తికమకపడుటయు మేము చూచియున్నాము. మఱియొక మాట. పువ్వు నీటిలో ప్రతిఫలించుచున్నచో ఆ ప్రతిబింబమునకును రంగు నిలుపవలెను. లేనిచో పువ్వు చిత్రములో నున్నట్లుండదు, దానిపై అతికించినట్లుండును.

చేయుట వచ్చిన పిదప, దేనికి రంగు నిలుపవలెనను ప్రశ్న మిగులును. జపాను దర్శకుడు అకిర కురొసావా 1963లో తీసిన ఒక చిత్రములో, బాలుని అపహరించినవాడు డబ్బు అందుకొన్న సంచిని రూపుమాపవలెనని చూచును. ఆ సంచిలో కాల్చినచో రంగుపొగ వచ్చు పొడిని పోలీసులు ముందే దాచియుందురు. నలుపు తెలుపు పట్టణముమీద ఒక పొగగొట్టమునుండి గులాబిరంగు పొగ లేచును. ప్రేక్షకునకు కథలోని రహస్యమే రంగై కనబడును. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1993లో తీసిన "షిండ్లర్స్ లిస్ట్"లో, 1943 నాటి క్రాకోవ్ పట్టణమున యూదులను వారి పేటనుండి తఱుముచున్న ఘట్టమున ఒక చిన్నపిల్ల తొడుగుకొన్న అంగీ మాత్రము ఎఱ్ఱగా నుండును. వేలమందిలో ఆ యొక్క పిల్లను మన కన్ను విడువజాలదు. తరువాత శవముల బండిమీద ఆ యెఱుపే మరల కనబడును. ఇట్టి కారణ మున్నచోట రంగు మాటాడును. బల్లమీది టీకప్పునకు ఊరకే రంగు నిలిపినచో చూచువాడు "అయిన నేమి?" అనును.

తల్లిదండ్రులతో చెప్పదలచిన మాట ఇచ్చట నున్నది. తరగతి పిల్లలందఱు నిలిచిన ఫోటోలో తమ బిడ్డకు మాత్రము రంగు నిలిపి, తక్కినవారిని బూడిదరంగు చేయించి, చట్రము కట్టించుకొను అలవాటు వ్యాపించుచున్నది. తమ యింటి గోడకు అది తమ యిష్టము. కాని బహుమతి పొందిన ఒక్క విద్యార్థికి రంగు నిలిపిన అట్టి చిత్రమును పాఠశాల పత్రికలో అచ్చువేయుట మాకు సమ్మతము కాదు. నలువదిమందిలో ఒకరికి రంగు నిలిపితిమనగా ముప్పదితొమ్మండుగురి రంగు మనచేతులతో తీసివేసితి మన్నమాట. ఆ పుట తెఱచి తన ముఖమును వెదకుకొను పిల్లవానికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. చెఱువుకట్టమీద పిల్లలు చెట్లు నాటిన చిత్రములో అతిథిగారి శాలువకు మాత్రము రంగు నిలిపినచో, మట్టి మోసినదెవరో చిత్రము చెప్పదు. వార్తగా ప్రకటించు ఏ చిత్రమునకును ఈ పని తగదు. అలంకారముగా చేసినప్పుడు "రంగు మార్చబడినది" అని క్రింద ఒక పంక్తి వ్రాయుట న్యాయము. బహుమతి పొందినవారి పేరును పెద్దయక్షరములతో వేయవచ్చును. అందుచే ఎవరి ముఖమును మాయదు.

పని ముగిసిన పిదప దాచుకొను పద్ధతి యొకటి కలదు. మూడు అంకెలు ఒక్కటైన పిమ్మట ఆ 76 పువ్వుదో ఆకుదో తిరిగి చెప్పుట అసాధ్యము. కావున మొదటి రంగుచిత్రముమీదనే మార్పుచిత్రమును దాచరాదు, వేఱుపేరు పెట్టవలెను. జింప్ తన స్వంత పద్ధతియైన ఎక్స్‌సీఎఫ్‌లో దాచినచో పొరలును ముసుగును చెక్కుచెదరక యుండును, మఱునాడు దిద్దుకొనవచ్చును. జేపెగ్‌గా దాచినచో పొరలన్నియు అతుకుకొని ఒక్కటగును. పంపుటకును, అచ్చునకును అది చాలును. అచ్చునకు పంపుటకు ముందు ఆ పుట రంగులలో అచ్చగునో, నల్లసిరాతోనే అచ్చగునో అడిగి తెలిసికొనుడు. నల్లసిరా పుటపై మన మందారము మరల ఆకులలో కలిసిపోవును.