మఱపు వ్యాధి – మెదడు సంరక్షణము

ఒక గృహమున డెబ్బది యేండ్ల పెద్ద యొకడు గలడనుకొందము. ఊరి తగవులు తీర్చినవాడు. నలుబది యేండ్లు కౌలు లెక్కలు కాగితము చూడకయే చెప్పినవాడు. ఇప్పుడాయన భోజనముచేసి చేయి కడుగుకొనిన కొంతసేపటికే, తనకు అన్నము పెట్టలేదనుచున్నాడు. తన పొలమునుండి తన యింటికి త్రోవ తప్పుచున్నాడు. మామగారు తనపై నింద మోపుచున్నారని కోడలు కంట తడిపెట్టును. ముసలి చాదస్తమని కుమారుడు విసుగుకొనును. గాలి సోకినదని యిరుగుపొరుగువారు తాయెత్తు కట్టింతురు. మెదడున వ్యాధి యున్నదేమో యను తలంపు మాత్ర మెవ్వరికిని రాదు. ఆ తలంపు కలిగించుటకే యీ ప్రసంగము.

మనుష్యుని మెదడు తూకమున సుమారు 1.4 కిలోగ్రాములుండును. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవు. ఇవి యొకదానితో నొకటి సంబంధము కలిగియుండి, చూచినదానిని, విన్నదానిని, నేర్చినదానిని భద్రపఱచుచుండును. దేహపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్లే. కాని దేహము వ్యయపఱచు శక్తిలో నూటికి ఇరువది పాళ్లు దానికే కావలెను. ఈ శక్తి రక్తముద్వారా చేరును గావున, రక్తనాళములను చెఱచునదెల్ల మెదడునకును కీడే.

1901 లో జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరపు మానసిక వైద్యశాలకు ఆగస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీని తీసికొనివచ్చిరి. ఆమె తన పేరైనను సరిగా వ్రాయలేకుండెను. ఆలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు ఆమెను శ్రద్ధతో పరీక్షించి, 1906 లో ఆమె మరణించిన పిదప మెదడును సూక్ష్మదర్శినితో చూచెను. కణముల నడుమ మాంసకృత్తుల గడ్డలును, కణములలోపల చిక్కుపడిన పోగులును కానవచ్చెను. ఆ వ్యాధికి ఆయన పేరే నిలిచినది. బుద్ధిశక్తులు క్రమముగా నశించు స్థితిని వైద్యులు డిమెన్షియా యందురు. దానికి గల హేతువులలో మిక్కిలి తఱచుగా కనబడునది అల్జీమర్ వ్యాధి. రక్తనాళములు పూడుకొనుటవలన కలుగునది మఱియొకటి.

మఱి, మఱచినవారందఱును రోగులేనా? కారు. ఊతకఱ్ఱ నెచ్చట పెట్టితిమో మఱచి వెదకుట వయసు చేత కలుగునది. ఊతకఱ్ఱను చేత బట్టుకొని యిది దేనికని యడుగుట వ్యాధి. పెండ్లికి వచ్చిన దూరపు చుట్టము పేరు తడుముకొనుట సహజము. కన్నకూతురిని గుర్తింపలేకుండుట సహజము కాదు. ఎంతోకాలముగా చేయుచున్న పనులు, అనగా రూకలు లెక్కించుట, వంట చేయుట, మందు వేళకు పుచ్చుకొనుట, దారి పోల్చుకొనుట, దినదినమునకు చెడుచున్నచో వైద్యునికి చూపవలెను.

మనదేశమున 60 ఏండ్లు దాటినవారిని గూర్చి చేసిన విస్తృత పరిశీలనమొకటి 2023 లో ప్రకటింపబడినది. దానినిబట్టి నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమంది, ఈ స్థితిలో నున్నారు. పట్టణములలోకంటె గ్రామములలోను, పురుషులలోకంటె స్త్రీలలోను ఇది యెక్కువ. కావున నిది పట్టణవాసుల జబ్బని పల్లెవారు నిశ్చింతగా నుండరాదు.

ఇక మన తెలుగునాట జరిగిన పరిశోధన యొకటి చెప్పెదను. హైదరాబాదునందలి నిజాము వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడియు, వారి సహచరులును డిమెన్షియా గల 648 మందిని పరిశీలించి, ఆ ఫలితములను 2013 లో ప్రకటించిరి. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషలు కలిసిమెలిసి యుండుట మీ రెఱిగినదే. ఒకే భాష నెఱిగిన రోగులకు వ్యాధి సగటున 61 ఏండ్ల వయసున పొడసూపగా, రెండుగాని అంతకంటె నెక్కువగాని భాషలు వాడువారికి అరువదియైదున్నర యేండ్ల వయసున పొడసూపెను. అనగా నాలుగున్నర సంవత్సరముల యెడము. ఇది చదువుకొనినవారి భాగ్యము మాత్రమే యని తలంపకుడు. అక్షరము రానివారిలోను రెండు భాషలు మాటలాడువారికి వ్యాధి ఆఱు సంవత్సరములు ఆలస్యముగా వచ్చినది. 2016 లో వారే పక్షవాతము వచ్చిన 608 మంది రోగుల విషయమును ప్రకటించిరి. పక్షవాతము పిమ్మట బుద్ధిశక్తి చెడకుండ నిలిచినవారు, ఏకభాషులలో నూటికి ఇరువదిమంది కాగా, బహుభాషులలో నలుబదిమంది.

ఇందుకు కారణమేమి? ఒక భాష మాటలాడునప్పుడు రెండవదానిని అడచిపెట్టవలెను. ఎదుటివానిని బట్టి క్షణములో మార్చుకొనవలెను. ఇది మెదడునకు నిత్యము జరుగు సాధన యని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. రెండు తూములున్న చెఱువును తలచుకొనుడు. ఒక తూము పూడినను రెండవదాని గుండ నీరు పాఱును. పైరు వెంటనే యెండదు. మెదడునకు అలవడిన దారు లెక్కువైనకొలది, కొన్ని చెడినను మిగిలినవి కొంతకాలము పని నడపును. ఐతే యిది వ్యాధి రాకుండ చేయు మంత్రము కాదు. డెబ్బదవ యేట క్రొత్తభాష మొదలిడినచో ఇంత ఫలము కలుగునని యీ పరిశోధన చెప్పలేదు.

ఇట్టి పరిశోధన చేయుటకు ముందు వైద్యులు మఱియొక పని చేయవలసివచ్చినది. ఇంగ్లాండులో పుట్టిన జ్ఞాపక పరీక్షలో వ్రాయుమను ప్రశ్నలు గలవు. వ్రాత నేర్వని రైతు వ్రాయలేకపోయినంత మాత్రమున రోగి యగునా? అందుచేత అట్టి పరీక్షలను తెలుగునకును, మన జనుల బ్రదుకునకును అనువుగా మార్చిరి.

వ్యాధి వచ్చినవారిని చూచుట యొకటి. రాకముందే ఆరోగ్యవంతులను చూచుచుండుట వేఱొకటి. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ యావరణమందలి మెదడు పరిశోధన కేంద్రమువారు ఈ రెండవ పనికి 2018 లో పూనుకొనిరి. కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా గ్రామములలో 45 ఏండ్లు దాటిన 10,000 మందిని చేర్చుకొని, అనేక సంవత్సరములు వారి జ్ఞాపకశక్తిని, రక్తమును, మెదడు చిత్రములను మరల మరల పరీక్షింపవలెనని వారి సంకల్పము. కర్ణాటకమందలి తాలూకాయైనను అచ్చటి పల్లెలలో తెలుగు మాటలాడువారు మెండుగా నున్నారు. పాశ్చాత్య దేశములవారిని చూచి తెలిసికొనినది మన తిండికి, మన యెండకు, మన శ్రమకు ఎంతవఱకు సరిపోవునో యిట్టి గ్రామస్థుల సహాయమున తేలవలసియున్నది.

ఈ నడుమ మనము చేయదగిన దేమి? 2024 లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన పండితసంఘము, మానవ ప్రయత్నముచే తగ్గింపదగిన హేతువులను 14 గా లెక్కించినది. వీనినన్నిటిని తొలగింపగలిగినచో డిమెన్షియాలో నూటికి సుమారు 45 పాళ్లు తప్పించుటయో, వెనుకకు జరుపుటయో సాధ్యమని వారి యంచనా. అందు రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, అధిక మద్యపానము, దేహమునకు కదలిక లేకుండుట, తలకు దెబ్బ తగులుట, చెవుడు, చూపు మందగించుట, దిగులు, ఒంటరితనము, బాల్యమున చదువు లేకుండుట ముఖ్యములు. పోటును చూపించుకొనుడు; మందు మొదలిడినచో నడుమ మానకుడు. మోటారుబండి యెక్కునపుడు శిరస్త్రాణము ధరింపుడు. చెవి వినబడనివాడు సభ విడిచి మూలకు జేరును. మూలకు జేరినవాని మెదడునకు పని తగ్గును. కావున చెవికి యంత్రము పెట్టుకొనుట సిగ్గుపడదగినది కాదు. కంటి పొరకు శస్త్రచికిత్స వాయిదా వేయకుడు. సాయంకాలము రచ్చబండ కడ కూర్చుండి నలుగురితో మాటలాడుటయు మెదడునకు మేలే.

మఱపు కలిగిన పెద్దను వైద్యునికి చూపుటవలన వేఱొక లాభము గలదు. బి పండ్రెండు విటమిను కొఱత, థైరాయిడు గ్రంథి మాంద్యము, మనోవ్యాకులము, తలలో రక్తము గడ్డకట్టుట మొదలగువానివలన కలిగిన మఱపు చికిత్సచే చాలవఱకు కుదురవచ్చును. అల్జీమర్ వ్యాధినే పూర్తిగా మాన్పు మందు మాత్రము ఇంకను లేదు. ఐనను ముందే తెలిసినచో, ఆ పెద్దమనిషి తెలివితో నున్నప్పుడే పొలము పత్రములు, అప్పుపద్దులు సరిచూచుకొని తన యిష్టమును బిడ్డలకు చెప్పుకొనగలడు. లేనిచో వ్రేలిముద్ర వేయించుకొనువా రెవ్వరో, మోసపోవువా రెవ్వరో చెప్పజాలము.

ఊరిలో మీ మాటకు విలువ గలదు. అన్నము పెట్టలేదని పలుకుచున్న ఆ ముసలివానిని గూర్చి రచ్చబండ కడ ఎవ్వరైన నవ్వినప్పుడు, ఇది చాదస్తము కాదు, వ్యాధి కావచ్చును, ఆసుపత్రికి తీసికొనిపొండని మీరొక్క మాట చెప్పినచో ఆ కోడలి కన్నీరు కొంత తగ్గును. ఆయనకును, తన యింట గౌరవముతో బ్రదుకు దినములు కొన్ని మిగులును.