కనిపించని కాపలా: కంప్యూటర్ వ్యవస్థల నిర్వహణ ఒక వృత్తిగా

మన కుటుంబాలలో పిల్లల భవిష్యత్తును గురించి ప్రస్తావన వచ్చినప్పుడు వైద్యం, ఇంజనీరింగు, ప్రోగ్రామింగు అనే మాటలే తరచుగా వినవస్తాయి. ఎవరో వ్రాసిన ప్రోగ్రాములు రేయింబవళ్ళు ఆగకుండా నడిచేటట్లు చూసేవారు మరొకరు ఉండాలన్న విషయం అంతగా స్ఫురించదు. ఆసుపత్రిలోని రోగుల వివరాలు, బ్యాంకు ఖాతాలు, పాఠశాల హాజరు పట్టీలు అన్నీ ఏదో ఒక సర్వరు మీదనే ఉంటాయి. వాటి క్షేమం చూసే వ్యక్తినే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అంటారు. మనం వ్యవస్థా నిర్వాహకుడు అనవచ్చు. తెలంగాణ పల్లెలలో చెరువు తూములను కాచిన నీరటితో ఇతనిని పోల్చవచ్చు. పొలాలకు నీరు సక్రమంగా పారినంతకాలం నీరటి ఎవరికీ గుర్తుకు రాడు. మడి ఎండినప్పుడే అతని కోసం వెదుకుతారు.

బ్రిటిష్ లైబ్రరీ నేర్పిన పాఠం

ఈ వృత్తి విలువను తెలుసుకొనుటకు లండనులోని బ్రిటిష్ లైబ్రరీ ఉదంతం చాలును. అందులో మన తెలుగు గ్రంథాలు కూడా ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలోని తెలుగు పుస్తకాల పట్టికను ఎల్.డి. బార్నెట్ 1912లోనే వెలువరించాడు. ఆ గ్రంథసంచయమే 1973లో ఏర్పడిన బ్రిటిష్ లైబ్రరీకి సంక్రమించింది.

2023 అక్టోబరు 28న రైసీడా అనే దుండగుల ముఠా ఆ సంస్థ కంప్యూటర్లపై దాడి చేసింది. సుమారు 600 గిగాబైట్ల సమాచారాన్ని అపహరించి, సొమ్ము ఇవ్వవలసిందని కోరింది. లైబ్రరీ అందుకు నిరాకరించగా, దొంగిలించిన సమాచారాన్ని బయటపెట్టింది. పుస్తకాలు అరలలో భద్రంగానే ఉన్నా, ఏ పుస్తకం ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టిక మూతపడింది. వెదుకుటకు మాత్రమే వీలైన రూపంలో అది 2024 జనవరి 15న తిరిగి అందుబాటులోనికి వచ్చింది.

2024 మార్చిలో లైబ్రరీ స్వయంగా ప్రకటించిన సమీక్ష ఈ వృత్తిలో ప్రవేశించదలచిన వారందరూ చదువదగినది. బయటివారు దూరం నుండి పని చేయుటకు ఏర్పరచిన ఒక సర్వరు ద్వారా దుండగులు ప్రవేశించి ఉండవచ్చునని అది తెలిపింది. ఆ ద్వారానికి సంకేతపదంతో పాటు రెండవ గుర్తింపును అడిగే ఏర్పాటు లేదు. డిజిటల్ సేకరణల నకళ్ళు పదిలంగానే ఉన్నాయి. అయితే దుండగులు కొన్ని సర్వర్లను నాశనం చేయటం వలన ఆ నకళ్ళను తిరిగి నిలబెట్టుటకు తగిన యంత్రసామగ్రి లేకపోయింది. కాలం చెల్లిన పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నింటిని పునరుద్ధరించుటయే సాధ్యం కాలేదు. విత్తనాలు గాదెలో ఉన్నా, దున్నుటకు అరక లేని రైతు పరిస్థితి వంటిది ఇది.

నిర్వాహకుని నిత్యకృత్యాలు

ఈ పనిని స్థూలంగా నాలుగు భాగాలు చేయవచ్చు. మొదటిది అనుమతులు. ఎవరికి ఎంత అవసరమో అంత అధికారమే ఇవ్వాలి. ఉద్యోగి వెళ్ళిపోయిన నాడే అతని ఖాతాను మూసివేయాలి.

రెండవది దిద్దుబాట్లు. సాఫ్ట్‌వేరులో లోపం బయటపడినప్పుడు తయారీదారు దానిని సరిచేసి పంపుతాడు. దానిని సకాలంలో అమర్చకపోతే ఏమగునో 2017 మే 12న వాన్నాక్రై దాడి చూపింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చిలో దిద్దుబాటు ఇచ్చింది. అయినా ఇంగ్లండులోని ఎన్.హెచ్.ఎస్. ట్రస్టులలో సుమారు మూడవ వంతు ఇక్కట్ల పాలయ్యాయి. వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి.

మూడవది నకళ్ళు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరొక చోట అన్నది అనుభవజ్ఞుల సూత్రం. అంతకన్న ముఖ్యమైనది నకలు నుండి సమాచారాన్ని తిరిగి రాబట్టి చూడటం. అట్లు పరీక్షించని నకలును నమ్మరాదు.

నాలుగవది చిట్టాలు. యంత్రం తాను చేసిన పనులలో అనేకం నమోదు చేస్తుంది. వాటిని క్రమంగా చదివే అలవాటున్నవానికి ప్రమాదం ముందుగానే కనిపించవచ్చు.

ఆరంభం ఎట్లా?

ఈ విద్యకు పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఇంటిలో మూల పడి ఉన్న పాత కంప్యూటరు గాని, 2012లో కేంబ్రిడ్జ్ నుండి వెలువడిన రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న యంత్రం గాని చాలును. దానిపై ఉచితంగా లభించే లినక్స్‌ను స్థాపించి, ఇద్దరు ముగ్గురికి ఖాతాలు ఏర్పరచి, ఒక చిన్న వెబ్‌సైటును నడపవచ్చు. పిదప దాని నకలు తీసి, యంత్రంలోని సర్వస్వాన్నీ తుడిచివేసి, నకలు నుండి మరల నిలబెట్టాలి. ప్రతి మెట్టునూ నోటు పుస్తకంలో వ్రాసుకొనాలి. ఉద్యోగ సంభాషణలో ఈ పుస్తకం ఒక యోగ్యతాపత్రం వలె ఉపకరిస్తుంది.

విశ్వవిద్యాలయ పట్టా ఒక మార్గం మాత్రమే. ఇంగ్లండులో 16 ఏండ్లు నిండినవారికి అప్రెంటిస్ మార్గం కూడా ఉన్నది. మూడవ స్థాయిలో కంప్యూటర్ సమాచార సాంకేతికునిగా, నాలుగవ స్థాయిలో నెట్‌వర్క్ ఇంజనీరుగా శిక్షణ లభిస్తుంది. శిక్షణకు రుసుము చెల్లించనక్కరలేదు, పైగా జీతం వస్తుంది. కాంప్టియా, సిస్కో, రెడ్ హ్యాట్ సంస్థల పరీక్షలు దీనికి తోడ్పడతాయి. తొలి ఉద్యోగం సాధారణంగా హెల్ప్ డెస్క్‌లో దొరుకుతుంది. దానిని చిన్నచూపు చూడరాదు. కంగారుపడిన మనిషి చెప్పే అస్పష్టమైన మాటల నుండి అసలు లోపాన్ని పట్టుకొనుట అక్కడే అలవడుతుంది. నేడు సర్వర్లు అనేకం క్లౌడ్‌కు తరలినందున షెల్, పైథాన్ వంటి భాషలలో చిన్న ప్రోగ్రాములు వ్రాయగలగటం కూడా అవసరం. అర్ధరాత్రి వచ్చే పిలుపులకు సిద్ధపడాలన్నది ఈ వృత్తిలోని కష్టం.

హద్దులు తెలియాలి

ఉత్సాహవంతులైన పిల్లలకు చట్టం గురించి కూడా చెప్పాలి. 1980లలో గోల్డ్, ష్రిఫ్రీన్ అనే ఇద్దరు ప్రెస్టెల్ అనే సమాచార సేవలోనికి చొరబడి, ఫిలిప్ రాకుమారుని సందేశపేటికను తెరిచారు. అప్పటి చట్టం ఆ చర్యకు వర్తించదని 1988లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. ఆ లోటును తీర్చుటకు 1990లో కంప్యూటర్ మిస్‌యూజ్ చట్టం వచ్చింది. ఏ నష్టమూ కలిగించకపోయినా, అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులో ప్రవేశించుటయే దాని ప్రకారం నేరం. అందుకు రెండేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. కనుక ప్రయోగాలన్నీ సొంత యంత్రం మీదనే జరగాలి.

ఈ వృత్తి తమకు తగునా అని తెలుసుకొనదలచిన పిల్లలు ముందుగా తమ ఇంటితోనే ప్రారంభించవచ్చు. కుటుంబ ఛాయాచిత్రాలకు నకలు ఎక్కడ ఉన్నది? అందులో నుండి ఒక చిత్రాన్ని నేడు తిరిగి తీయగలమా? మన సంఘ సభ్యుల జాబితా సంకేతపదం ఎందరికి తెలుసు? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెదకి, లోపాలను ఓపికతో సరిచేసిన బాలిక గాని బాలుడు గాని వ్యవస్థా నిర్వహణలో మొదటి పాఠం పూర్తి చేసినట్లే.