ఊరు పేరు లేని ఉత్తరాలు

మన పెద్దవాళ్లు కార్డుముక్క వ్రాసినా సరే, ముందు "ఉభయకుశలోపరి" అని పడవలసిందే. ఇంట్లో పిల్లవాడు జ్వరంతో మూలుగుతున్నా, పొలం తాకట్టులో వున్నా ఆ మాట తప్పదు. రెండవ ప్రపంచ యుద్ధంలో మీసం కూడా రాని జర్మన్ కుర్రవాళ్లు ఇంటికి వ్రాసిన ఉత్తరాలు చూడండి, చాలావరకు అవీ అలాగే మొదలవుతాయి. నేను క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను, అని.

ఈ తోకలేని పిట్టలకు ఊరు కూడా లేదు. సైన్యం ఎక్కడ వున్నదీ శత్రువుకు తెలియరాదు గదా! అందుకని కవరు మీద సైనికుడి పేరు, ఐదంకెల తపాలా నంబరు, అంతే. కొడుకు నార్వే మంచులో వున్నాడో, రష్యా బురదలో వున్నాడో తల్లికి తెలియదు. ఆమెకు వాడి చిరునామా ఆ అంకె ఒక్కటే. మామూలు ఉత్తరానికి స్టాంపు అక్కరలేదు. అటూ ఇటూ కలిపి, పొట్లాలతో సహా, ఆ యుద్ధంలో 3,000 కోట్లకు తక్కువ కాకుండా నడిచాయని అంచనా.

బడిపిల్లలు యుద్ధంలోకి ఎలా వచ్చారంటారా? 1943 ఫిబ్రవరిలో స్టాలిన్‌గ్రాడ్ వద్ద ఓడిపోయాక జర్మనీకి మనుషులు కరువయ్యారు. ఆ నెలలోనే 1926, 27లలో పుట్టిన విద్యార్థులను విమానాలను కూల్చే ఫిరంగుల దగ్గరికి పిలిచారు. పగలు మాస్టార్లు అక్కడికే వచ్చి పాఠాలు చెప్పేవారు. రాత్రి సైరన్ కూస్తే పిల్లలు పుస్తకాలు మూసి ఫిరంగుల దగ్గరికి పరుగెత్తేవారు. ఆ ఏడే, ముఖ్యంగా 1926లో పుట్టిన కుర్రవాళ్లతో 'హిట్లర్ యువజన' దళం ఒకటి తయారైంది. పద్దెనిమిది నిండనివారికి సిగరెట్లకు బదులు మిఠాయి ఇచ్చేవారు! చేతిలో తుపాకి మాత్రం నిజందే.

ఇక ఉత్తరాల్లో వుండేది ఏమిటి? కేకు పంపమని, మేజోళ్లు పంపమని, చెల్లెలి చదువు ఎలా సాగుతున్నదని. భయం వేస్తున్నదని మాత్రం అరుదు. సైనిక తపాలాను తనిఖీ చేసేవారుండేవారు. అన్నీ విప్పరు, కొన్నే విప్పుతారు. ఏది విప్పుతారో ఎవరికి తెలుసు? ఓడిపోతామన్న మాట వ్రాస్తే నేరం, ఉరిశిక్ష దాకా పోవచ్చు. అంతకంటె పెద్ద తనిఖీ అధికారి కుర్రవాడి గుండెలోనే వున్నాడు: అమ్మ ఏడవకూడదు.

పాపం, పసివాళ్లు అనుకుంటూ చదివేవారికి ఇక్కడ గొంతులో ముల్లు పడుతుంది. 1944 ఏప్రిల్ 1 రాత్రి ఉత్తర ఫ్రాన్సులో ఆస్క్ అనే ఊరి దగ్గర ఆ మిఠాయి దళం వెళ్తున్న రైలు ఒక పేలుడుతో ఆగిపోయింది. దళంవాళ్లు ఇళ్లలోంచి మగవాళ్లను లాక్కొచ్చి 86 మందిని కాల్చిపారేశారు. జూన్‌లో నార్మండీలో, లొంగిపోయిన కెనడా సైనికులను వంద మందికి పైగా చంపారు. ఆజ్ఞలిచ్చింది పెద్దవాళ్లే, దళంలోని ప్రతి కుర్రవాడూ ఆ పని చేశాడనీ కాదు. కాని ఇటువంటివి అమ్మకు ఎవడు వ్రాస్తాడు? "నేను క్షేమం" అన్న మాట చాటున బాంబులూ దాగుతాయి, ఇవీ దాగుతాయి.

తల్లులు అమాయకులేమీ కారు. సిరాకు బదులు పెన్సిలు, వంకరపోయిన గీత, రెండు ఉత్తరాల మధ్య ఎడం, ఇవన్నీ వాళ్లకు అక్షరాలే. వాళ్లు వ్రాసిన జవాబులు ఒక్కొక్కప్పుడు విప్పకుండానే తిరిగి వచ్చేవి. కొన్నిటి మీద 'మహా జర్మనీ కోసం నేలకొరిగాడు' అని ముద్ర. కొన్నిటి మీద 'కొత్త చిరునామా వచ్చేదాకా ఆగండి' అని. ఈ రెండోదే కష్టం. స్టాలిన్‌గ్రాడ్‌లో పట్టుబడినవారు సుమారు 91,000 మంది, ఇల్లు చేరినవారు ఆరు వేలకు మించరు. 1955 సెప్టెంబరులో పశ్చిమ జర్మనీ అధినేత అడెనావర్ మాస్కో వెళ్లి, రష్యాలో మిగిలిన సుమారు 10,000 మంది ఖైదీల విడుదలకు మాట తీసుకున్నాడు. వాళ్ల రైళ్లు వచ్చినప్పుడు స్టేషన్లలో తల్లులు కొడుకు ఫోటో అతికించిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు, దిగినవాళ్లలో ఎవరైనా గుర్తుపడతారేమోనని.