జొన్న రొట్టెకు మరిగే నీళ్లే ఎందుకు? కోడుమూరు, ఆదోని వంటల వెనుక అసలు సంగతి ఇదీ..

రాయలసీమ వంట అనగానే చాలామంది రాగి సంగటి, నాటుకోడి పులుసు అంటారు. కానీ కర్నూలు జిల్లా పడమటి వైపు కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని పల్లెలకు సంగటి కంటే జొన్న రొట్టే దగ్గర. పొద్దున ఉగ్గాని, బజ్జి. రాత్రికి రొట్టె, పప్పు. ఎందుకిలా అంటే, సమాధానం అక్కడి నేలలోనే ఉంది.

ఇక్కడ నల్లరేగడి నేలలు ఎక్కువ, వానలు తక్కువ. వానాకాలం చివర్లో పదును చూసి విత్తితే చాలు, రేగడి దాచుకున్న తేమతోనే జొన్న పండేది. గింజ మనుషులకు, చొప్ప ఎద్దులకు. దాంతోపాటు కొర్ర, కంది, వేరుశనగ. అందుకే రొట్టె పక్కన పుండికూర పప్పో, బుడ్డల పొడో ఉంటుంది. బుడ్డలంటే ఇక్కడ వేరుశనగే. ఇక పుండికూర అంటే గోంగూర. కన్నడంలోనూ దాన్ని పుండి అనే అంటారు. ఇందులో వింతేమీ లేదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా బళ్లారి జిల్లాలోనే ఉండేవి. జిల్లా మారినా పొయ్యి మీద వంట మారలేదు.

ఉగ్గాని కూడా రెండు వైపులా ఉన్నదే. బళ్లారి వైపు ఒగ్గరణె అంటారు. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే పిండేయాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, పైన పుట్నాల పప్పు పొడి చల్లితే అయిపోయినట్టే. బొరుగులు ముందే వేగి ఉంటాయి కాబట్టి ఉడికించే పనే లేదు. నీళ్లలో కాస్త ఎక్కువసేపు ఉంచారో, ముద్దైపోతుంది. పక్కన మిరపకాయ బజ్జి లేకపోతే ఇక్కడివాళ్లు దాన్ని ఉగ్గాని కింద లెక్కేయరు!

అసలు కష్టం రొట్టెతోనే. గోధుమ పిండిలో ఉండే జిగురు జొన్న పిండిలో ఉండదు. చన్నీళ్లు పోసి పిసికితే అంచులు పగిలిపోతాయి. అందుకే మరిగే నీళ్లు పోస్తారు. ఆ వేడికి పిండిలోని గంజి పదార్థం కొంత ఉడికి, జిగురు పని అది చేస్తుంది. తర్వాత అరచేత్తో తిప్పుతూ తట్టాలి. అప్పడాల కర్రతో ఒత్తితే ఆ పలచదనం అంత సులువుగా రాదు. పెనం మీద వేశాక పైభాగాన్ని తడిబట్టతో తుడిచి తిప్పుతారు. సరిగ్గా కుదిరితే పూరీలా పొంగుతుంది. పిండి పాతబడినా రొట్టె విరిగిపోతుంది, చేదెక్కుతుంది. కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు ప్యాకెట్ పిండి కంటే జొన్నలు కొని, వారానికి సరిపడా మరపట్టించుకోవడం మంచిది.

బాగా కాల్చి ఆరబెట్టిన రొట్టెలు రోజుల తరబడి పాడవవు. ఈ గుణమే ఇక్కడి జనానికి ఆసరా. పనుల్లేని కాలంలో ఈ ప్రాంతం నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తాయి. దాన్నే 'సుగ్గికి పోవడం' అంటారు. అలాంటి ప్రయాణంలో ఎండు రొట్టె, కారం పొడి ఉంటే కూరతో పనిలేదు.

మరి జొన్న ఎందుకు తగ్గింది? 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. అప్పటిదాకా పండగ పూట వండుకునే వరి అన్నం పేదల ఇళ్లలోనూ రోజూ తిండి అయింది. ఇది చిన్న మార్పు కాదు, ఆకలి తీర్చిన మార్పు. దాన్ని తప్పుపట్టలేం. అటు తుంగభద్ర దిగువ కాలువ కింద వరి వచ్చింది. ఆదోనిలో పెద్ద పత్తి మార్కెట్ ఉండటంతో రేగడి నేలల్లో పత్తి పెరిగింది. జొన్న చేలు తగ్గాయి, ఇంట్లో రొట్టె తట్టే పూటలూ తగ్గాయి.

ఇప్పుడు గాలి మళ్లీ అటు తిరిగింది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. తెల్ల బియ్యంతో పోలిస్తే జొన్నలో పీచు, ఇనుము ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లు రాత్రి అన్నం మానేసి రొట్టెకు మళ్లుతున్నారు. అయితే తినేవాళ్లు పెరిగినంత వేగంగా తట్టేవాళ్లు పెరగడం లేదు. పెద్దవాళ్ల చేతుల్లో ఉన్న పని ఇది. చిన్నవాళ్లకు పెనం ముందు కూర్చునే తీరిక లేదు. అందుకే పట్టణాల్లో సాయంత్రం పూట పొయ్యి పెట్టుకుని రొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లకు గిరాకీ ఉంటోంది. ఒకప్పుడు కూలి నుంచి వచ్చి ఇంట్లో చేసిన పనే, ఇప్పుడు వాళ్లకు కూలి తెచ్చిపెడుతోంది.